విడుదల దస్తావేజు

1956 ఫిబ్రవరి 12. ఊరు.

ఎల్లుండి ఢిల్లీకి బయలుదేరాలి. పెట్టె సర్దుకుంటుంటే మాల్యాద్రి వచ్చి గడప మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. తమ్ముడు గడప మీద కూర్చున్నాడంటే అడగవలసిందేదో ఉందన్న మాటే.

“అన్నా, ఆడోళ్ళ ఆస్తి బిల్లు ఈసారి వస్తాదంట గదా?”

వస్తుందన్నాను.

“నువ్వు ఎటుపక్క?”

“ఓట్లడగను పోయినప్పుడే చెప్పినాను గదరా. కూతురికైనా, మొగుడు పోయినామెకైనా ఆస్తిలో హక్కుండాల. అది నా నమ్మకం.”

“నీ నమ్మకం సరే. మన వొదిన సంగతేంది?”

మా నడిపివాడు కొండలయ్య పిల్లలు లేకుండా పోయి పదిహేనేళ్ళు. పంపకాల్లో వాడికి వచ్చిన ఎనిమిదెకరాల చెరువు కింది మాగాణి, చేజర్ల దగ్గర మెట్ట, వాడి భార్య రామసుబ్బమ్మ అనుభవంలో ఉన్నాయి. ఇప్పటి చట్టం ప్రకారం ఆమె పంట తినవచ్చు. అమ్మరాదు, ఎవరికీ ఇవ్వరాదు. ఆమె తదనంతరం నేల మా ఇద్దరికి వస్తుంది. ఈ బిల్లు చట్టమైతే, ఆనాటికి ఆమె చేతిలో ఉన్నదంతా పూర్తిగా ఆమెదే. ఇది నాకు ఇంతవరకు తట్టనే లేదు.

“ఆమె ఆ మాగాణిని చెంచమ్మకు రాసిస్తానంటా ఉండాది” అన్నాడు మాల్యాద్రి.

చెంచమ్మది చెరువుగట్టు మీది యానాదుల గూడెం. ఆ నేలలో ఆమే, ఆమె మొగుడు శీనయ్యే మొదటి నుంచీ పనివాళ్ళు. ఆరేళ్ళ కిందట రామసుబ్బమ్మకు పెద్దమ్మవారు పోసినప్పుడు మేమెవరమూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇరవై రోజులు చెంచమ్మే పక్కన కూర్చుంది. ఇది రాయక తప్పదు.

లేచి పోతూ మాల్యాద్రి అన్నాడు: “వొదినకు ఒంట్లో బాగలేదన్నా.”

నిన్ననే చూశాను. చీర ఎగ్గట్టి, పార పట్టుకుని కాలవ గట్టు వేసుకుంటోంది. ఆ మాటే అన్నాను.

“లేదులే. బాగలేదు” అని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 14. ఉదయగిరి.

బస్సు దగ్గర పోస్టుమాస్టరు పలకరించాడు. “మీ మరదలికి ఎట్టుండాది సార్? మంచంలో ఉండాదంట గదా.”

మార్చి 4. ఢిల్లీ.

బిల్లు మీద ఎవరి మొహం చూసినా ఒకటే ఆదుర్దా. అరవదేశపు పెద్దాయన ఒకరు, చాలా చదివినవారు, కాఫీ తాగుతూ అన్నారు: “ఇక్కడ ధర్మశాస్త్రం మాట్లాడేవాళ్ళనూ నమ్మకండి, సమానత్వం మాట్లాడేవాళ్ళనూ నమ్మకండి. ప్రతివాడూ తన ఇంట్లోకి తొంగిచూసుకునే చెయ్యెత్తుతాడు.” ఆయనకు ముగ్గురూ కూతుళ్ళే. అయినా బిల్లుకు వ్యతిరేకం. ఎందుకని అడిగాను. “నేను ఈ ఆచారంలో పుట్టాను, ఇందులోనే పోతాను. మా పిల్లలకు అన్యాయమని తెలుసు. తెలిసే వ్యతిరేకిస్తున్నాను. మీ ఇంట్లో ఎవరున్నారు?”

ఎవరూ లేరన్నాను.

ముప్ఫైరెండులో వేలూరు జైల్లో ఉండగా మా నాయన పోయాడు. నేను విడుదలై వచ్చేసరికి మా అమ్మ కొట్టు తాళాలు మా పెదనాయన నడుముకు ఉన్నాయి. గిద్దెడు నూనెకు ఆమె ఆయన వాకిట్లో నిలబడింది. ఆ రోజే నాలో ఈ నమ్మకం పుట్టింది. సభలో ఈ సంగతి చెప్పాలి. బాగుంటుంది.

మార్చి 19.

మాల్యాద్రి ఉత్తరం. రామసుబ్బమ్మ గడ్డివామి తగలబడిందట. ఎండలు కదా అని రాశాడు. ఇంకా మార్చిలోనే ఉన్నాం. చివర: “వొదినకు నీరసం ఎక్కువగా ఉన్నది. అన్నిటికీ సిద్ధపడి ఉండవలెను.”

మార్చి 20.

నిన్నటి ఉత్తరం మళ్ళీ చదివాను. అక్షరాలు వాడివి కావు. ఎవరో లాయరు గుమాస్తా రాత.

ఏప్రిల్ 5. ఊరు.

సెలవు పెట్టి వచ్చేశాను. ఉదయగిరి దుర్గం మీద మూడు చోట్ల అడవి కాలుతోంది. పగలు పొగ, కొండ మీద నుంచి వేడి గాలి. బస్సు దిగిన దగ్గర నుంచి ఇంటికి వచ్చేలోపల నలుగురు అడిగారు, మీ మరదలికి ఎట్లుందని. నలుగురూ ఒకే గొంతుతో, ఇప్పటికే సగం పరామర్శలాగా.

నేరుగా ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మనిషి రాయిలా గట్టిగా ఉంది.

“నాకేం రోగం బావా? ఊరంతా వచ్చి చూసి పోతా ఉండారు. మొన్న ఒకామె నా కాళ్ళు ముట్టుకుని కండ్లనీళ్ళు పెట్టుకునింది” అని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. “నాకు భయంగా ఉండాది బావా” అంది.

చెంచమ్మ దొడ్డివైపు నుంచి వచ్చింది. శీనయ్యను మర్రిపాడు దారిలో ఎవరో కొట్టారట, చెయ్యి విరిగింది. ఎవరని అడిగాను.

“చీకట్లో కొట్టలేదు సామీ. పట్టపగలే. నువ్వు అడగతా ఉండావు గాబట్టి నాకు తెలవదు అంటండా” అంది చెంచమ్మ.

ఏప్రిల్ 6.

మాల్యాద్రితో పొలం మీదుగా నడిచాను. కోత అయిపోయి నేల నెర్రెలు విచ్చింది. శీనయ్య సంగతి ఎత్తితే నీళ్ళ కరువు మాట ఎత్తాడు. రామసుబ్బమ్మ ఇంటి వెనక దిగుడుబావి దగ్గర ఆగి, లోపలికి చూశాడు.

“నీళ్ళు అడుక్కు పోయినాయి. ముప్పై మెట్లు దిగాల. పాచి. ఒంటరి ఆడమనిషి, ఒంట్లో బాగలేనామె, తెల్లారి బిందె తీసుకుని దిగతాది.”

“ఏందిరా నువ్వు అనేది?”

“ఏమీ అనలేదే. జాగర్త అంటండా.”

తర్వాత చెప్పవలసింది సూటిగా చెప్పాడు. రెండే దారులట. నేను ఓటింగు నాటికి జబ్బు చేసి ఊళ్ళో పడుకోవాలి; నాలాగే జిల్లా మెంబర్లందరూ పడుకునేట్టు తాను చూసుకుంటానన్నాడు, అదేదో తన చేతిలో ఉన్నట్టు. లేదా రామసుబ్బమ్మ చేత హక్కు విడుదల రాయించాలి. ఆమె తన హక్కంతా మా ఇద్దరికి ఇప్పుడే వదిలేసినట్టు దస్తావేజు.

“నా మాట ఆమె వినదు. నీ మాట వింటాది. రాయిస్తే నీ ఓటు నీ ఇష్టం. నీ నమ్మకం నీ ఇష్టం. ఎవడు వద్దన్నాడు?”

ఏప్రిల్ 7.

నిద్ర లేదు. ఆలోచించినది వరుసగా రాసుకుంటే మేలు.

ఓటు మానుకోలేను. అది ఒక్క రామసుబ్బమ్మ సంగతి కాదు, దేశంలోని ఆడవాళ్ళందరి సంగతి. ఎనిమిదెకరాల కోసం కోట్లమందికి ద్రోహం చేయలేను.

మాల్యాద్రి మీద పోలీసు రిపోర్టు ఇవ్వలేను. ఏమని ఇస్తాను? బావిలో పాచి ఉందన్నాడనా?

నేల ఆమె చేతిలో ఉన్నంతకాలం ఆమె ప్రాణానికి ముప్పు. నేల లేకపోతే ముప్పు లేదు. ఆమెకు జీవితాంతం తిండిగింజలు, ఆ ఇల్లు ఉంటాయని దస్తావేజులోనే రాయిస్తాను. ఆమె బతుకుతుంది. బిల్లూ గట్టెక్కుతుంది. ఇందులో ఎవరికి అన్యాయం?

ఏప్రిల్ 8.

చెప్పాను. రామసుబ్బమ్మకు ఆ రెండు దారులూ చెప్పలేదు; ప్రమాదం మాత్రం చెప్పి, విడుదల రాసివ్వమన్నాను. చాలాసేపు విన్నది.

“బావా, ఆ బిల్లేదో వస్తే నేల నాదే అవతాదని పేపర్లో చదివినాను. అందాకా ఎట్టనో ఓర్చుకుంటే పోదా? చెంచమ్మ నా దగ్గరే పడుకుంటా ఉండాది.”

“అది ఇప్పట్లో అయ్యేది కాదమ్మా. ఏళ్ళు పడతాది. అసలు వస్తాదో రాదో.”

నా మొహంలోకి చూసింది. కాంగ్రెసు పనులకు నేను ఊళ్ళు పట్టుకు తిరిగిన రోజుల్లో, కొండలయ్య చేత నాకు అన్నం మూట కట్టి పంపిన మనిషి. నేను చెప్పినదేదీ ఇంతవరకు అనుమానించలేదు.

“ఢిల్లీలో కూర్చునేవాడివి నువ్వు. నీకు తెలవకుండా ఉంటాదా” అంది.

ఏప్రిల్ 9. ఆత్మకూరు.

చేజర్ల మెట్ట కూడా దస్తావేజులో కలిసింది, అది ఈ ఆఫీసు కిందిది గనుక రిజిస్ట్రేషను ఇక్కడ పెట్టుకున్నాము. ఉదయగిరిలో అయితే అందరూ తెలిసినవాళ్ళు.

వేలిముద్ర కోసం సిరాపెట్టె జరిపారు. ఆమె పక్కకు నెట్టి కలం అడిగింది. పెద్ద అక్షరాలతో పూర్తి పేరు రాసింది. రిజిస్ట్రారు మంచివాడు. దస్తావేజు చదివి వినిపించి, “ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నావా అమ్మా?” అని అడిగాడు.

“మా బావ చెప్పినాడు” అంది.

“బావ సంగతి కాదమ్మా. నీకు ఇష్టమేనా?”

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తున్నాను. “ఊ” అన్న మాట వినిపించింది.

మాల్యాద్రి అందరికీ సోడాలు తెప్పించాడు.

ఏప్రిల్ 10. ఊరు.

ఇక ఆమెకు భయం లేదు.

ఏప్రిల్ 11.

ఊళ్ళో ఒక్కరూ ఆమె జబ్బు సంగతి అడగలేదు.

మే 10. ఢిల్లీ.

బిల్లు మా సభ గడప దాటింది. నేను మాట్లాడినప్పుడు మా అమ్మ సంగతి చెప్పాను, నూనె గిన్నెతో నిలబడిన సంగతి. మహిళా సభ్యులు ఇద్దరు వచ్చి చేతులు జోడించారు. అరవ పెద్దాయన తను అన్నట్టే వ్యతిరేకించారు. బయటికి వచ్చేటప్పుడు నా భుజం తట్టి అన్నారు: “మీరు అదృష్టవంతులు. మీ నమ్మకానికీ మీ ఇంటికీ తగువు లేదు.”

ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన ఓటు ఆయనకు ముగ్గురు కూతుళ్ళ కోపం తెచ్చిపెట్టింది, ఇంట్లో మాటల్లేవట. నా ఓటుకు నేనేమిచ్చాను?

ఇంకొకటి రాసుకోవాలి. ఈ బిల్లు ప్రతి మొదటిసారి చేతికి వచ్చింది కిందటేడు. విధవల ఆస్తి సెక్షను పక్కన అప్పుడే పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. ఇవాళ తీసి చూశాను. గీత ఉంది. పక్కన చిన్నగా “కొ.” అని రాసి ఉంది. కొండలయ్య.

మే 24. ఊరు.

ఉదయగిరిలో దండలు, మేళం. రాత్రి భోజనాల దగ్గర మాల్యాద్రిని అడిగాను, ఇక ఆమె జోలికి పోవు కదా అని. వాడు తినడం ఆపి నిజంగా ఆశ్చర్యంగా చూశాడు.

“నేనేం చేస్తాననుకున్నావు వొదినని?”

“బావి దగ్గర నువ్వు అన్నది...”

“చంపుతాననుకున్నావా? కొండలన్న పెళ్ళాన్ని?” నవ్వాడు. “గడ్డివామి తగలబెట్టించింది నేనే. శీనయ్యను కొట్టించిందీ నేనే. ఊళ్ళో రోగం పుట్టించిందీ నేనే. ఆ మాత్రం ఒప్పుకుంటా. బావి మాట మాత్రం నీ కోసమే అన్నది, అన్నా.”

“నా కోసమేంది?”

“నీకు ఒక సాకు కావాల. అది లేకుండా నువ్వు ఏ పనీ చెయ్యలేవు. చిన్నప్పటి నుంచీ చూస్తండా గదా. ఇచ్చినాను, తీసుకున్నావు.” మజ్జిగ పోయించుకున్నాడు.

మే 25.

వాడు ఇప్పుడు అబద్ధం చెబుతున్నాడు. అప్పుడు నిజంగానే అన్నాడు. చంపేవాడే.

మే 26.

చంపేవాడే.

జూన్ 28.

చట్టం అమల్లోకి వచ్చిందని పేపర్లో పడిన రెండో వారం. రామసుబ్బమ్మ వచ్చింది. మడిచిన పేపరు తెచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“ఏళ్ళు పడతాదన్నావు బావా. రెండు నెలలే పట్టింది.”

నేను ఆ పేపరు తీసుకుని మడత విప్పాను.

“నీకు తెలుసా, తెలవదా? అది ఒక్కటే చెప్పు.”

తెలుసన్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె ఎదురుగా ఉంటే ఇంకో మాట రాలేదు.

నెల్లూరులో వకీలును కలిసిందట, చెంచమ్మను తోడు తీసుకుని. బిల్లు దగ్గర పడిందని తెలిసీ దాచిపెట్టి సంతకం చేయించినట్టు నేను ఒక కాగితం రాసి ఇస్తే ఆ దస్తావేజు కొట్టివేయించవచ్చునన్నాడట. నేను రాయకపోతే దారి లేదన్నాడట.

“తిట్టను రాలేదు బావా. నిన్ను కోర్టుకీడ్చను గూడా ఈడ్చను. ఆ కాగితం రాసియ్యి. చాలు.”

రాస్తానన్నాను.

జూలై 15.

ఢిల్లీ వెళ్ళే హడావిడి. వచ్చాక రాస్తాను.

సెప్టెంబరు 30. ఊరు.

ఇవాళ కూర్చుని రాశాను. అరపేజీ. “నాకు తెలిసియుండియు” అన్న చోట కలం ఆగింది, మళ్ళీ సాగింది. తేదీ వేసి సంతకం పెట్టాను. రేపు ఇస్తాను.

అక్టోబరు 1.

మాల్యాద్రి వచ్చాడు. వచ్చే ఎలక్షన్లకు మళ్ళీ టిక్కెట్టు నాకే ఖాయమట. ఆడవాళ్ళ ఓట్లు చూపించి పైవాళ్ళు నా పేరుకే పట్టుబట్టారట. జిల్లాలో ఆ బిల్లు మీద అంత బాగా మాట్లాడినవాడు లేడని పత్రికలో కూడా వేశారు. ఈసారి గెలిస్తే ఆత్మకూరులో కాన్పుల ఆసుపత్రి పెట్టించగలను. ఎంతమంది ప్రాణాలు నిలుస్తాయి! ఇప్పుడు ఆ కాగితం బయట పడితే ఇవేవీ ఉండవు. ఆమెకైనా అది తెలియకపోదు.

ఎలక్షన్లు కాగానే ఇస్తాను.

అక్టోబరు 19.

రామసుబ్బమ్మ ఇల్లు వదిలేసింది. దస్తావేజు ప్రకారం ఆ ఇల్లు ఆమెకు ఉంది, గింజలూ ఉన్నాయి. మాల్యాద్రి పంపిన మూటలు విప్పకుండానే వాకిట్లో వదిలి, చెరువుగట్టు మీద చెంచమ్మ గుడిసెకు పోయింది. మా ఇంటి కోడలు యానాదుల గూడెంలో! ఇద్దరిని పంపి పిలిపించాను. రాలేదు. “ఆ కాగితం తెచ్చినారా?” అని మాత్రం అడిగిందట.

నవంబరు 22.

వానలు బాగా పడి చెరువు నిండింది. ఊళ్ళో నాట్లు. వరికుంటపాడు మీటింగుకు జీపులో పోతుంటే కొండలయ్య మాగాణిలో పదిహేనుమంది ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద మాల్యాద్రి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. చెంచమ్మను పోల్చుకున్నాను. ఆమె పక్కన మోకాళ్ళ దాకా బురదలో రామసుబ్బమ్మ.

తన నేలలో కూలికి.

అందరి కంటే వెనకబడి ఉంది. అలవాటు లేదు. చెంచమ్మ తన వరసతో పాటు ఆమె వరసలో కూడా నాలుగు కుదుళ్ళు వేసుకుంటూ పోతోంది, మాల్యాద్రి చూడకుండా.

డ్రైవరు జీపు నెమ్మది చేశాడు. “అమ్మగారు గదా సార్. ఆపేదా?”

మీటింగుకు ఆలస్యమవుతుందన్నాను.

డిసెంబరు 16. ఆత్మకూరు.

మహిళా సభ. పందిరి నిండింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్ల మీద ఆడవాళ్ళను తోలించారు; మాల్యాద్రి మా ఊరి కూలీలను కూడా తెచ్చాడు. నాలుగో వరసలో రామసుబ్బమ్మ, చెంచమ్మ. వేదిక మీద నుంచి కనబడుతూనే ఉన్నారు.

స్త్రీల ఆస్తి హక్కు మీద నలభై నిమిషాలు మాట్లాడాను. మా అమ్మ సంగతి దగ్గర మాట తప్పి, మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. అది నటన కాదు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. చెంచమ్మ తల వంచుకుని కూర్చుంది. రామసుబ్బమ్మ చివరిదాకా నన్నే చూస్తూ విన్నది, ఒక్క మాట పోనివ్వకుండా.

సభ అయ్యాక జనంలోంచి తోసుకుంటూ వచ్చింది. పక్కన పార్టీవాళ్ళు ఉన్నారు. ఎవరో కూలి మనిషి అర్జీ ఇవ్వడానికి వచ్చిందనుకుని దారి ఇచ్చారు. చేతివేళ్ళ సందులు బురదలో నాని, ఒరిసి తెల్లగా ఉన్నాయి.

“బావా, బాగా చెప్పినావు” అంది. ఎగతాళి లేదు. అది ఉంటే తేలిగ్గా ఉండేది. “నువ్వు చెప్పిందంతా నువ్వు నమ్మతావు. నాకు తెలుసు. ఆ కాగితం రాసినావా?”

“రాస్తున్నానమ్మా.”

“రాయి. నేను యాడికీ పోను.”

బండ్లు కడుతున్నారు, ఆమెను కేకేశారు. వెళ్ళిపోయింది. నేను కోటు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాను. సెప్టెంబరులో రాసిన కాగితం లోపలి జేబులో ఉంది, సంతకంతో సహా.